కాన్పు గాయం, కుట్టు, మాట: దిగువ కృష్ణా డెల్టాలో పెరీనియం శస్త్రచికిత్స – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కాన్పు సమయంలో యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్యనున్న పెరీనియం భాగం చిరగడం స్త్రీల అనుభవంలో చాలా సాధారణమైన గాయం. దీనికి కుట్టు వేసే విద్య ప్రాచీనమైనదే అయినా ఆ కుట్టు పురిటింటిదాకా రావడానికి చాలా కాలం పట్టింది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల భౌగోళిక, వైద్య చరిత్రల నేపథ్యంలో ఈ శస్త్రచికిత్స పరిణామాన్ని పరిశీలించడం, కుట్లు పడిన స్త్రీ ఏమి ఆశించవచ్చో నేటి వైద్యశాస్త్రం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కుట్టు అందిన వేగంతో దాన్ని గురించిన మాట స్త్రీకి అందలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: పెరీనియం, కాన్పు, మంత్రసాని, ప్రసూతి వైద్యం, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ, స్త్రీల ఆరోగ్యం.

1. ప్రవేశిక:

"మంత్రసానితనానికి ఒప్పుకొన్నాక ఏది వచ్చినా పట్టాలి" అని తెలుగువారి సామెత. చేపట్టిన పనిలోని కష్టాన్నంతా భరించాలి అనే అర్థంలో దీన్ని వాడుతున్నాం. పుట్టుక మాత్రం పురిటిగదిలోనే. బిడ్డతోపాటు రక్తం, ఉమ్మనీరు, మలమూత్రాలు వస్తాయన్న వాస్తవాన్ని ఈ సామెత దాచలేదు. పట్టేవారి కష్టం ఇందులో ఉంది. కన్న స్త్రీ శరీరానికి ఆ తరువాత ఏమైందన్నది సామెతలో లేదు. చరిత్ర రచనలోనూ అది అరుదుగానే కనిపిస్తుంది.

యోనిద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉండే చర్మం, దాని అడుగునున్న కండరాలు కలిసి పెరీనియం అవుతుంది. తల్లులు దీనికి పేరు పెట్టి మాట్లాడరు. "కింద కుట్లు పడ్డాయి" అంటారు. ఆ 'కింద' అనే ఒక్క మాటలో గాయం, నొప్పి, సిగ్గు అన్నీ ఇమిడిపోతాయి. తొలుచూలు కాన్పులో ఈ భాగం కొద్దిగానో ఎక్కువగానో చిరగడం సర్వసాధారణం. కొన్నిసార్లు వైద్యులే కత్తెరతో కోత పెడతారు. ఏ విధంగా తెగినా దాన్ని తిరిగి కలపడమే పెరీనియం శస్త్రచికిత్స. సరిగా కలిస్తే ఆ స్త్రీ కొద్ది వారాల్లో మామూలు మనిషి అవుతుంది. కలవకపోతే ఏళ్ల తరబడి అపానవాయువు, మలం అదుపు తప్పి, నలుగురిలోకి రావడానికి జంకుతూ బతకవలసి వస్తుంది. అందువల్ల ఈ చిన్న కుట్టు చరిత్ర పరిశీలనార్హమైనది.

2. శాస్త్రగ్రంథంలో కుట్టు – పురిటింట్లో మంత్రసాని:

భారతీయ శస్త్రవైద్యానికి కుట్టు విద్య కొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో గాయాలను కుట్టే విధానాలకు వేల్లితకం, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి అనే పేర్లు ఉన్నాయి. సన్నని నూలు, జనపనార, అవిసెనార, స్నాయువు, వెంట్రుక, మూర్వ, తిప్పతీగ నారలు కుట్టుదారాలుగా పేర్కొనబడ్డాయి. కడుపులో అడ్డం తిరిగిన శిశువును గురించిన మూఢగర్భ ప్రకరణాలు నిదాన, చికిత్సా స్థానాల్లో ఉన్నాయి. శరీరంలో కుట్టువలె కనిపించే ఏడు 'సేవని'లను గుర్తించి, వాటిమీద శస్త్రం పడకుండా జాగ్రత్తపడాలని ఆ గ్రంథం హెచ్చరించింది. ఐరోపాలో 12వ శతాబ్దికి చెందిన, సలెర్నో నగరపు ట్రోటులా పేరుతో ప్రసిద్ధమైన స్త్రీవైద్య గ్రంథం కాన్పులో చిరిగిన భాగాన్ని పట్టుదారంతో కుట్టమని చెప్పింది.

గ్రంథంలోని విద్య, పురిటింటి ఆచరణ వేరువేరు చేతుల్లో ఉన్నాయి. కాన్పు చేయించేది మంత్రసాని. ఆమె ఎక్కువగా సేవావృత్తుల కులాలకు చెందిన స్త్రీ. పురిటి మైల కారణంగా ఇతరులు ముట్టని పనులన్నీ ఆమె చేసేది. బిడ్డ అడ్డం తిరిగిందో లేదో పొట్ట తడిమి చెప్పగల అనుభవం, నొప్పులు పడే స్త్రీకి ధైర్యం చెప్పే ఓర్పు ఆమె సొత్తు. శస్త్రం మాత్రం ఆమె చేతిలో లేదు. గాయానికి ఆమెకు, ఇంటి పెద్దలకు తెలిసిన ఉపచారం వేడి, శుభ్రత, విశ్రాంతి. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం, సాంబ్రాణి పొగ, కుంపటి కాపడం, కాయం, పథ్యం బాలింత సంరక్షణలో భాగాలు.

ఈ ఉపచారాల్లో కొన్నింటికి నేటికీ విలువ ఉంది. గోరువెచ్చని నీటితో శుభ్రం చేసుకోవడం, పడుకొని విశ్రాంతి తీసుకోవడం చిన్న చిరుగు మానడానికి తోడ్పడతాయి. పైపైన చర్మం మాత్రమే చిరిగిన స్త్రీలకు కుట్టు లేకుండానే గాయం మానేది. లోపలి కండరం తెగినవారికి ఆ ఉపచారం చాలదు. తెగిన కండరపు కొసలు వెనక్కు లాక్కుపోతాయి. వాటిని దగ్గరకు చేర్చి కుట్టకపోతే పైన చర్మం మూసుకున్నా లోపలి పట్టు తిరిగి రాదు. పథ్యంలో మరొక చిక్కు కూడా ఉండేది. బాలింతకు మంచినీళ్ళు తగ్గించడం, ఆకుకూరలు, కాయగూరలు కొన్నాళ్ళపాటు దూరం పెట్టడం అనేక ఇళ్ళలో ఆచారం. దీనివల్ల మలబద్ధకం కలిగి, ముక్కినప్పుడల్లా గాయం మీద ఒత్తిడి పడుతుంది.

3. నది, కాలువ, రైలు – ఆసుపత్రికి దారి:

ఈ ప్రాంత వైద్యచరిత్రను దాని నేల నుంచి విడదీసి చూడలేం. కృష్ణానది పులిగడ్డ దగ్గర పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక పల్లెల నుంచి పెద్ద ఊరికి వెళ్ళాలంటే పూర్వం నీటిని దాటవలసిందే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన కాలువల్లో పడవలే ప్రయాణసాధనాలు. వానకాలంలో నల్లరేగడి బాటల్లో బండి కదలదు. నొప్పులు మొదలైన స్త్రీని ఎక్కడికైనా తీసుకువెళ్ళడం కన్నా మంత్రసానిని ఇంటికి పిలవడమే సాధ్యమైన పని. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన ఈ నేలమీద రాకపోకలు ఎంత దుర్బలమైనవో చూపాయి.

పాలనాపరంగా 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణాజిల్లా ఏర్పరచారు. మచిలీపట్నం దాని ముఖ్యపట్టణం. 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టం, 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం వల్ల రోడ్లు, బడులతోపాటు వైద్యశాలలకు కూడా స్థానిక పన్నుల సొమ్ము వెచ్చించే వీలు కలిగింది. మద్రాసులో 1844లో స్థాపితమైన ప్రసూతి ఆసుపత్రి తరువాత ఎగ్మూరుకు మారి రాజధాని మొత్తానికి శిక్షణకేంద్రమైంది. 1875లో మద్రాసు వైద్యకళాశాల స్త్రీలను చేర్చుకొంది. తొలి విద్యార్థినులలో మేరీ షార్లీబ్ ఒకరు. 1885లో లేడీ డఫరిన్ నిధి ఏర్పడింది. పురుషవైద్యుడు చూడడానికి అంగీకరించని స్త్రీలకు స్త్రీవైద్యులు కావాలన్న ఆలోచన అప్పటికి బలపడింది. పెరీనియం గాయం విషయంలో ఇది మరింత ముఖ్యం. చూడకుండా కుట్టడం సాధ్యం కాదు. చూపడానికి స్త్రీ అంగీకరించాలంటే చూసేవారిమీద నమ్మకం ఉండాలి.

నాటి కృష్ణాజిల్లాలో ఈ అవసరాన్ని గుర్తించినవారిలో అన్నా సారా కుగ్లర్ ప్రముఖురాలు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్త్రీల వైద్యకళాశాలలో చదివి, 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన ఈమె 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రిని ప్రారంభించారు. 1904లో గుంటూరు ప్రత్యేక జిల్లా అయ్యేవరకు అది కృష్ణాజిల్లా ఆసుపత్రే. దివిసీమ వారికి గుంటూరు నదికి ఆవలి ఒడ్డు. పటం మీద దగ్గరగా కనిపించినా పురిటినొప్పులతో చేరగలిగిన దూరం కాదు.

1908లో బెజవాడ–మచిలీపట్నం రైలుమార్గం గుడివాడ మీదుగా ప్రారంభమైంది. 1928లో గుడివాడ–భీమవరం మార్గం దానితో కలిసి గుడివాడను కూడలిగా మార్చింది. రైలుకట్టకు దగ్గరి గ్రామాలవారికి పట్టణ వైద్యం అందుబాటులోకి వచ్చింది. 1926లో మద్రాసు నర్సుల, మిడ్‌వైఫుల చట్టం రావడంతో శిక్షణ పొందినవారిని నమోదు చేసే పద్ధతి ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ బెజవాడలో ప్రసూతి వైద్యురాలిగా పేరు పొందారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. డెల్టా పల్లెల స్త్రీలకు తమ భాషలో మాట్లాడే స్త్రీవైద్యురాలు లభించడం ఈ చరిత్రలో ఒక మలుపు.

4. చిరుగు నుంచి కోతకు:

పంతొమ్మిదో శతాబ్ది నడుమ వరకు ప్రపంచంలో ఎక్కడైనా పెరీనియం కుట్టు నిలుస్తుందన్న నమ్మకం తక్కువ. 1847లో సింప్సన్ కాన్పులో క్లోరోఫాంను వాడడం, 1867లో లిస్టర్ క్రిమిరహిత శస్త్రచికిత్సను ప్రకటించడం వల్ల నొప్పి, చీము అనే రెండు అడ్డంకులు తగ్గాయి. ఆ మధ్యకాలంలోనే అమెరికాలో మేరియన్ సిమ్స్ మూత్రాశయానికీ యోనికీ మధ్య పడిన రంధ్రాన్ని వెండితీగతో కుట్టి 1849లో విజయం సాధించాడు. అందుకోసం అనార్కా, బెట్సీ, లూసీ అనే బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా పదేపదే శస్త్రచికిత్స చేశాడు. వద్దనే స్వేచ్ఛ వారికి లేదు. స్త్రీ శరీరాన్ని బాగుచేసే విద్య ఆమె మాట వినకుండానే ఎదగగలదని ఈ ఘట్టం తెలుపుతుంది.

చిరగకముందే కోయడం అనే ఆలోచన 1742లో డబ్లిన్ ప్రసూతి వైద్యుడు ఫీల్డింగ్ ఊల్డ్ రాసిన గ్రంథంలో ఉంది. అతడు చెప్పింది అరుదైన, కష్టమైన కాన్పుల గురించి. 1920లో షికాగో వైద్యుడు జోసెఫ్ డిలీ తొలుచూలు కాన్పుల్లో ముందుజాగ్రత్తగా కోత పెట్టడం మేలని వాదించాడు. తిన్నని కోత గజిబిజి చిరుగుకన్నా బాగా మానుతుందని, లోపలి కండరాలకు రక్షణ ఇస్తుందని ఆ వాదన. కాన్పు ఇంటినుంచి ఆసుపత్రికి మారిన దేశాలలో ఈ కోత క్రమంగా అలవాటైంది. 1938లో వెలువడిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ప్రసూతి వైద్య గ్రంథం వంటి పాఠ్యపుస్తకాల ద్వారా మద్రాసు రాజధానిలోని అనేక తరాల వైద్యులు ఆధునిక ప్రసూతి శాస్త్రాన్ని అభ్యసించారు.

ఆ వాదనకు ఆధారాలు ఉన్నాయా అని థాకర్, బాంటా అనే పరిశోధకులు 1983లో ప్రశ్నించారు. అంతవరకు వెలువడిన అధ్యయనాలను పరిశీలించి, అందరికీ కోత పెట్టడంవల్ల మేలు కలుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. తరువాతి పరీక్షలు దీన్ని బలపరిచాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పులో అలవాటుగా కోత పెట్టవద్దని సిఫారసు చేసింది. పట్టుకారు వేయవలసి వచ్చినప్పుడు, బిడ్డ గుండె వేగం తగ్గి త్వరగా బయటికి తీయవలసినప్పుడు కోత అవసరం కావచ్చు. అప్పుడు కూడా నేరుగా మలద్వారం వైపు కాక పక్కకు వాలుగా కోయడం లోపలి కండరానికి క్షేమకరం.

డెల్టాలో ఈ మార్పులన్నీ కొద్దికాలంలోనే ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 2005లో జననీ సురక్షా యోజన, అదే సంవత్సరం 108 అంబులెన్సు సేవలు మొదలయ్యాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. మొత్తం కాన్పులలో 42.4 శాతం సిజేరియన్లు. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. మంత్రసాని చేతిలో కుట్టు లేని చిరుగునుంచి, ఆసుపత్రిలో కుట్టు ఉన్న కోత వరకు జరిగిన ఈ ప్రయాణాన్ని ఒకే ఇంటిలోని అమ్మమ్మ, మనవరాలు కలిసి చూసి ఉండవచ్చు.

5. గాయం స్థాయిలు – కుట్టే విధానం:

నేటి వైద్యశాస్త్రం ఈ గాయాన్ని నాలుగు స్థాయిలుగా విభజిస్తోంది. చర్మం లేదా యోని లోపలి పొర మాత్రమే చిరిగితే మొదటి స్థాయి. అడుగునున్న పెరీనియం కండరాలు కూడా చిరిగితే రెండవ స్థాయి. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరవలయం తెగితే మూడవ స్థాయి. ఆ గాయం మలాశయపు లోపలి పొరదాకా వెళితే నాలుగవ స్థాయి. మూడవ స్థాయిలో కండరవలయం సగంలోపు తెగిందా, సగానికి మించి తెగిందా, లోపలి వలయం కూడా తెగిందా అని తిరిగి మూడు విభాగాలు చేస్తారు. ఈ విభజన కేవలం పేర్ల కోసం కాదు. స్థాయి గుర్తించడంలో పొరపాటు జరిగితే చికిత్స కూడా పొరపాటవుతుంది. అందుకే కాన్పు తరువాత మంచి వెలుతురులో చూడడం, మలద్వారంలో వేలుపెట్టి పరీక్షించడం అవసరం. ఈ పరీక్ష ఎందుకో చెప్పి, అనుమతి అడిగి చేస్తే స్త్రీ దాన్ని అవమానంగా భావించదు.

మొదటి స్థాయి గాయం రక్తం కారకుండా, అంచులు కలిసి ఉంటే కుట్టు లేకపోయినా మానవచ్చు. రెండవ స్థాయికి కాన్పుగదిలోనే ఆ చోటికి మాత్రం మత్తు ఇచ్చి కుడతారు. లోపలి పొర, కండరం, చర్మం అనే క్రమంలో ఒకే దారంతో తెంపు లేకుండా కుట్టడంవల్ల నొప్పి తక్కువగా ఉంటుందని అధ్యయనాలు తెలిపాయి. మూడు, నాలుగు స్థాయిల గాయాలకు ఆపరేషన్ థియేటరు, నడుముకు ఇచ్చే మత్తు, అనుభవం ఉన్న వైద్యులు కావాలి. తెగిన వలయపు రెండు కొసలను వెతికి పట్టి కలపడం ఇందులో కీలకం. పూర్వం గొర్రె ప్రేగునుంచి చేసిన క్యాట్‌గట్ దారం వాడేవారు. ఇప్పుడు శరీరంలో కరిగిపోయే కృత్రిమ దారాలు వాడుతున్నారు. కనుక సాధారణంగా కుట్లు విప్పించుకోవలసిన పని లేదు.

6. కుట్లు పడిన స్త్రీ ఏమి ఆశించవచ్చు:

మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి, వాపు, కూర్చోవడానికి ఇబ్బంది సహజం. పాలిచ్చే తల్లికి పారాసిటమాల్ వంటి మాత్రలు వాడవచ్చు. బట్టలో చుట్టిన మంచుగడ్డ కొద్దిసేపు ఉంచితే వాపు తగ్గుతుంది. మూత్రం పోసేటప్పుడు మంట ఉంటే గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటూ పోయవచ్చు. విరేచనం తరువాత ముందునుంచి వెనుకకు శుభ్రం చేసుకోవాలి. బట్ట లేదా ప్యాడ్ తరచుగా మార్చుకోవాలి. రెండు మూడు వారాలలో చాలామందికి నొప్పి గణనీయంగా తగ్గుతుంది. దారం కరిగే క్రమంలో చిన్న ముక్కలు బట్టకు అంటుకొని కనిపిస్తే కుట్టు ఊడిందని భయపడవలసిన అవసరం లేదు. దారం రకాన్ని బట్టి పూర్తిగా కరగడానికి ఆరు వారాలు లేదా అంతకు మించిన కాలం పట్టవచ్చు.

ముక్కితే కుట్లు తెగుతాయన్న భయంతో స్త్రీలు విరేచనాన్ని ఆపుకుంటారు. ఇది మలాన్ని మరింత గట్టిపరుస్తుంది. బాలింత పథ్యం గురించి పైన చెప్పుకొన్న అంశం ఇక్కడ ముఖ్యమవుతుంది. తగినన్ని మంచినీళ్ళు, ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు కుట్టుకు రక్షణ. నీరు తాగితే చీము పడుతుందన్న నమ్మకానికి శాస్త్రాధారం లేదు. మూడు, నాలుగు స్థాయిల గాయాలకు మలాన్ని మెత్తబరచే మందు, యాంటీబయాటిక్ ఇస్తారు.

పెరీనియం కండరాల వ్యాయామాన్ని 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చాడు. మూత్రాన్ని, అపానవాయువును ఆపుకొంటున్నట్లుగా కండరాలను బిగించి, కొన్ని క్షణాలు ఉంచి వదలడమే ఆ వ్యాయామం. నొప్పి తగ్గిన తరువాత మొదలుపెట్టి రోజుకు కొన్నిసార్లు చేయవచ్చు. వంటపని మధ్యలో, బిడ్డకు పాలిస్తూ కూడా ఇది చేసుకోవచ్చు. దాంపత్యం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది గాయం మానడం మీద, ఆమె ఇష్టం మీద ఆధారపడుతుంది. నెలలు గడిచినా నొప్పి ఉంటే వైద్యులకు చెప్పాలి. దాన్ని ఓర్చుకోవడం ధర్మం కాదు.

జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, గాయం విచ్చుకోవడం, రోజురోజుకూ నొప్పి పెరగడం, అపానవాయువు గాని మలం గాని ఆపుకోలేకపోవడం, యోనిమార్గం గుండా మలం రావడం – వీటిలో ఏది కనిపించినా పెద్దబాలింత అయ్యేవరకు ఆగకూడదు. కండరవలయానికి కుట్లు పడినవారిని ఆరునుంచి పన్నెండు వారాల మధ్య తిరిగి పరీక్షించడం అవసరం. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కళాశాల మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి శస్త్రచికిత్స జరిగిన స్త్రీలలో నూటికి 60 నుంచి 80 మందికి ఏడాది తరువాత ఏ ఇబ్బందీ ఉండదు. మిగిలినవారికీ చికిత్స ఉంది. తదుపరి కాన్పు ఎలా జరగాలన్నది ముందుగానే వైద్యులతో మాట్లాడుకోవచ్చు.

7. పాత గాయాలు – గర్భసంచి ఆపరేషన్:

కుట్టు పడని గాయం వయసుతోపాటు కొత్త రూపం దాలుస్తుంది. అడుగు కండరాల పట్టు సడలినప్పుడు గర్భసంచి, మూత్రాశయం కిందికి జారవచ్చు. వరుస కాన్పులు, బరువుపనులు దీన్ని పెంచుతాయి. మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేసే స్త్రీలకు, తలమీద చేపల గంపలు మోసే తీరగ్రామాల స్త్రీలకు కాన్పు తరువాత తగినంత విశ్రాంతి దొరకడం కష్టం. 'జారింది' అనే మాటతో వారు చెప్పుకొనే బాధలో పాత కాన్పు గాయం పాలు కూడా ఉండవచ్చు.

దీనికి శస్త్రచికిత్సలు కొత్తవి కావు. 1888లో మాంచెస్టరులో ఆర్చిబాల్డ్ డోనాల్డ్ ప్రారంభించి, తరువాత ఫాదర్‌గిల్ సవరించిన పద్ధతిలో గర్భసంచిని ఉంచి, సడలిన గోడలను, పెరీనియాన్ని బిగించి కుడతారు. అవసరమైనచోట గర్భసంచి తీసినప్పుడు కూడా అడుగు కండరాలను బాగుచేయవలసి ఉంటుంది. ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. గర్భసంచి తీసినంత మాత్రాన తెగిన మలద్వార కండరం కలవదు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకొన్నారు. దేశం మొత్తం మీద ఇది 3.2 శాతం. ఈ తేడాకు అనేక కారణాలు ఉన్నాయి. 'కింద' ఉన్న బాధలన్నిటికీ ఒకే పేరు, ఒకే ఆపరేషన్ ఉన్నచోట ఏ కండరం తెగింది, ఏది సడలింది అనే ప్రశ్న వెనుకబడడం సహజం. తన బాధ గర్భసంచిదా, పెరీనియానిదా అని అడిగే మాట స్త్రీ దగ్గర ఉంటే, అక్కరలేని ఒక ఆపరేషన్ తప్పవచ్చు. అవసరమైన మరొకటి జరగవచ్చు.

8. మాట చరిత్ర:

ఈ ప్రాంతానికి మాట కొరత లేదు. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైంది. వైద్యపట్టభద్రుడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ పట్టణంలోనే వైద్యవృత్తి చేసి, తరువాత దాన్ని విడిచి ప్రజాజీవితంలో ప్రవేశించారు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్ర విషయాలను తెలుగులోకి తెచ్చింది. ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు దానికి రచనలు చేశారు. 1928లో డాక్టర్ కె. ఎన్. కేసరి మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రికను స్థాపించారు. స్త్రీల వ్యాధులకు ఆయన తయారుచేసిన 'లోధ్ర' ఆంధ్రదేశమంతటా ఇంటింటి పేరు. గర్భాశయ బాధ గురించి పత్రికలో చదవడమే నాటి స్త్రీలకు కొత్త ధైర్యం. అయితే తెగిన కండరాన్ని ఏ ఔషధమూ కలపదు. గాయాన్ని 'వ్యాధి' అనే పెద్దమాట కప్పివేసింది.

అచ్చమాంబ ప్రసూతి, శిశుపోషణ విషయాలను తెలుగులో వివరించడం, తరువాతి కాలంలో విజయవాడ వైద్యుడు జి. సమరం పత్రికల ద్వారా పాఠకుల సందేహాలకు దాపరికం లేకుండా జవాబులివ్వడం, స్త్రీశక్తి సంఘటన రూపొందించిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీలు తమ శరీరాన్ని తామే తెలుసుకోవాలని ప్రోత్సహించడం ఈ మార్గంలో ముఖ్యమైన అడుగులు. 2017లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన 'లక్ష్య' కార్యక్రమం కాన్పుగదిలో గౌరవప్రదమైన సంరక్షణను నాణ్యతలో భాగంగా గుర్తించింది. గౌరవానికి తొలి గుర్తు వివరణ. "అమ్మా, ఇక్కడ ఇంతవరకు చిరిగింది. ఇలా కుట్టాము. ఇన్నాళ్ళలో మానుతుంది. ఇలా అయితే వెంటనే రావాలి" అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అదే విషయాన్ని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి, గాయం స్థాయి పేర్కొంటే, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, తదుపరి కాన్పు చూసే వైద్యులకు అది ఆధారమవుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది అంశాలను గుర్తించవచ్చు.

1. కుట్టు విద్య శాస్త్రగ్రంథాలలో ప్రాచీనకాలం నుంచి ఉన్నా, మంత్రసాని నడిపిన పురిటింటికి అది చేరలేదు. దిగువ కృష్ణా డెల్టాలో నదీపాయలు, కాలువలు, ఉప్పెనలు ఈ దూరాన్ని మరింత పెంచాయి.

2. రైలుమార్గాలు, స్థానిక బోర్డులు, స్త్రీల ఆసుపత్రులు, స్త్రీవైద్యులు, ఇటీవలి అంబులెన్సు సేవలు కుట్టును తల్లికి దగ్గర చేశాయి. ఆ క్రమంలో అలవాటు కోత కూడా ప్రవేశించింది. దాని అవసరం పరిమితమేనని నేటి శాస్త్రం చెబుతోంది.

3. సకాలంలో స్థాయి గుర్తించి కుట్టిన గాయం అధికశాతం మందిలో బాగా మానుతుంది. నీరు, పీచుగల ఆహారం, శుభ్రత, వ్యాయామం, తిరిగి పరీక్ష అందుకు తోడ్పడతాయి.

4. పాత గాయం వల్ల కలిగే బాధలన్నిటికీ గర్భసంచి తొలగింపు పరిష్కారం కాదు. పెరీనియం పరీక్ష ప్రత్యేకంగా జరగాలి.

5. వావిలాకు నీళ్ళు కాచిపెట్టే అమ్మమ్మ ఆదరం, శస్త్రం పట్టిన వైద్యురాలి నైపుణ్యం పరస్పర విరుద్ధాలు కావు. రెండింటినీ కలపవలసింది వివరణ.

మలం అదుపు తప్పడం వయసు తెచ్చిన కర్మ అనుకొని పెళ్ళిళ్ళకు, పేరంటాలకు వెళ్ళడం మానుకున్న తల్లికి, అది ఏనాటి కాన్పులోనో తెగిన కండరం కావచ్చునని, ఇప్పటికైనా చూపించుకోవచ్చునని తెలియడం చిన్న విషయం కాదు. ఆ మాట తెలుగులో, ఆమెకు అర్థమయ్యేలా చేరవేయడం వైద్యులతోపాటు భాషాసేవకుల బాధ్యత కూడా.